వ్యాన్ మీద ఏజెన్సీకి: కొండవాగు ఇరుకులో ఒక పగలంతా నడవాలంటే

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి నీళ్లంటే బెరుకుండదు. కాలువలో ఈత నేర్చుకుంటారు, పంటు ఎక్కి పాయలు దాటతారు, వరదొస్తే ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందో కనుక్కుని సామాను అటకెక్కిస్తారు. సరిగ్గా ఈ అలవాటే ఏజెన్సీలో, అంటే రంపచోడవరం, మారేడుమిల్లి గిరిజన కొండల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

గోదావరి పరీవాహకం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం బ్యారేజీకి చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది వస్తాయి కాబట్టి సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. కొండవాగుకి ఈ లెక్కలేవీ లేవు. దాని పరీవాహకం చిన్నది, వాలు ఎక్కువ, అడుగంతా రాయి. ఎగువన గంటసేపు గట్టివాన కురిస్తే ఆ నీరు ఇంకే చోటు లేక ఒక్కసారిగా కిందికి దిగుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే అలా జరగొచ్చు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతం చూడటానికి వెళ్లిన వైద్య విద్యార్థులు ఇలాంటి ప్రవాహంలోనే కొట్టుకుపోయారు. ముగ్గురు చనిపోయారు.

కాబట్టి ఈ నడకలో ప్రతి నిర్ణయం నీటిని బట్టే తీసుకోవాలి. బండి ఎక్కడ ఆపాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి, అన్నం ఎక్కడ కూర్చుని తినాలి అన్నవన్నీ అందులోకే వస్తాయి. కింద చెప్పేది పడుకోవడానికి వీలున్న వ్యాన్‌లో డెల్టా నుంచి బయల్దేరి, కొండ కింద ఒక రాత్రి పడుకుని, మర్నాడు రానుపోను 7, 8 కిలోమీటర్లు వాగు వెంట నడిచి, ఆ రాత్రి కూడా అక్కడే పడుకుని, మూడోరోజు పొద్దున్న తిరిగొచ్చే పద్ధతి.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరిదాకా. జూన్ నుంచి అక్టోబరు దాకా వాగు ఇరుకులోకి దిగే ఆలోచనే పెట్టుకోకండి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కోనసీమతో పాటు కొండలు కూడా తడుస్తాయి. తుపాను తీరం దాటి మన దగ్గర తెరిపి ఇచ్చాక కూడా అక్కడ వాగులు ఉరకలేస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు ఇంకో వారం ఆగండి. మార్చి దాటితే నీరు తగ్గుతుంది గానీ రాళ్లు కాలిపోతాయి, పోడు మంటల పొగ లోయల్లో నిలబడుతుంది.

చలికాలానికి ఒక ఇబ్బంది ఉంది, పగలు చిన్నది. డిసెంబరు, జనవరిల్లో ఆరున్నర ప్రాంతంలో తెల్లారుతుంది, ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. ఇరుకులో వెలుగు ఇంకా తక్కువసేపు ఉంటుంది. రెండు పక్కలా కొండ ఉండటంతో ఎనిమిది దాటితేగానీ ఎండ అడుక్కి దిగదు, మూడింటికే నీడ కమ్మేస్తుంది.

ఏ వాగు, ఎవరి అనుమతి

పాపికొండల మధ్య గోదావరి ఒడ్డునే నడుద్దామని చాలామందికి ఉంటుంది. అది కుదరదు. కొండలు నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతాయి, అక్కడ పడవ ప్రయాణమే. పైగా పోలవరంలో కాఫర్‌డ్యామ్ (డ్యామ్ పని కోసం నదికి వేసే అడ్డుకట్ట) కట్టాక ఎగువన నీరు నిలబడుతోంది. గోదావరిలో కలిసే వాగుల మూతుల దగ్గర మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది, చూడ్డానికి గట్టినేలలా ఉండి కాలు పెడితే తొడదాకా దిగబడుతుంది. అందుకే వాగు మూతి నుంచి కాకుండా, రోడ్డు వాగును దాటే వంతెన దగ్గర్నుంచి ఎగువకి నడిచే దారి ఎంచుకోండి. ఎగువకి వెళ్లడంలో ఇంకో లాభం కూడా ఉంది. రాళ్లు దిగడం కంటే ఎక్కడం తేలిక, కష్టమైన చోటు ముందే ఎదురొస్తుంది. ఎక్కలేకపోతే అక్కడే ఆగిపోవచ్చు. దిగువకి దూకుతూ వెళ్తే మాత్రం తిరిగి ఎక్కలేని చోట ఇరుక్కుంటారు.

పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానమైంది. దాని హద్దుల్లో అనుమతి లేకుండా తిరగడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఏ వాగు హద్దులోకి వస్తుందో, ఏది రాదో మ్యాపు చూసి తేల్చుకునే పని కాదు. అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి ఎంతమంది, ఏ వాగు, ఏ తేదీ అన్నది చెప్పి అడగండి. వద్దంటే ఇంకో వాగు చూసుకోండి.

దారి చూపడానికి ఆ ఊరి మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ కొండల్లో కొండరెడ్ల గూడేలు ఎక్కువ. ఏ మలుపు తర్వాత గుండం లోతుందో, ఏ ఒడ్డున పైకి దారుందో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కూలి ముందే మాట్లాడుకుని, రోజంతటికీ ఇవ్వండి. మధ్యలో వెనక్కి తిరిగినా ఒక్క రూపాయి తగ్గించొద్దు. తగ్గిస్తారని తెలిస్తే, నీరు ఎక్కువగా ఉన్నా ఆయన కాదనలేక ముందుకు తీసుకెళ్తాడు. పొద్దున్నే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “అన్నా, రాత్రి ఎగువన వాన పడిందా?” ఆయన ఇవాళ వద్దంటే ఎందుకని గుచ్చి అడగకుండా ఆగిపోండి.

నలుగురి నుంచి ఆరుగురు సరిపోతారు. ముగ్గురే ఉంటే ఒకరికి దెబ్బ తగిలినప్పుడు ఒకరు దగ్గర కూర్చోవాలి, ఇంకొకరు ఒంటరిగా సాయానికి పరిగెత్తాలి. ఆరుగురిని మించితే వాగు దాటే ప్రతిచోటా ఆలస్యమే.

బండి సిద్ధం చేసుకోవడం

ఈకో అయినా, ట్రావెలర్ అయినా వెనక మంచం ఊడదీసే విధంగా పెట్టించుకోండి. బాడీకి మార్పులు చేసి వెల్డింగ్ చేయిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి, లేదంటే తనిఖీలోనూ బీమా దగ్గరా ఇబ్బంది పడతారు.

రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. పెట్రోలైనా డీజిలైనా రాజమండ్రిలోనో గోకవరంలోనో నిండా కొట్టించండి. డెల్టా రోడ్ల మీద తిరిగే బండిలో బ్రేకులకి పెద్దగా పని పడదు, నేలంతా చదును కదా. ఘాట్‌లో మంచం, నీళ్ల క్యాన్లు, ఐదుగురు మనుషుల బరువుతో దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది. కాలిన వాసన వస్తే అదే గుర్తు. ఎక్కడానికి ఏ గేరు వేశారో దిగడానికీ అదే గేరులో ఉంచి, ఇంజన్ పట్టు మీద దిగండి. బయల్దేరే ముందు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, స్టెప్నీలో గాలి చూపించుకోవడం తప్పనిసరి.

వంటకి 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. రెగ్యులేటర్ బిగించాక సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడండి. ఎంత చలైనా తలుపులు మూసి లోపల స్టవ్‌తోగానీ బొగ్గుల కుంపటితోగానీ వెచ్చచేసుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తాళాలు రెండు ఉండాలి, ఇద్దరి దగ్గర ఉండాలి. రిమోట్ తాళం నీళ్లలో తడిస్తే పనిచేయదు, అందులో ఉండే ఇనప తాళంతో తలుపు తెరుచుకుంటుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి తెరిచి చూసుకోండి.

సంచిలో ఏం పెట్టాలి

ముందు బూట్ల సంగతి. చెప్పులు, గమ్‌బూట్లు రెండూ పనికిరావు. గమ్‌బూట్లో నీళ్లు నిండితే కాలు ఎత్తలేరు. వేళ్లు మూసుకుని, రబ్బరు అడుగు ఉండి, నీరు బయటికి కారిపోయే బట్ట బూట్లు కావాలి. ఎప్పుడో కొని అలమారలో దాచిన ట్రెక్కింగ్ బూట్లుంటే వాటిని నమ్మకండి. మన ఉక్కపోతలో, తేమలో రెండు మూడేళ్లు వాడకుండా ఉంచిన బూట్ల పాలీయురేథేన్ అడుగు లోపల్లోపలే చెడిపోతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది. తడిసి గంటసేపు నడవగానే ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. వారం ముందు బొటనవేలితో అడుగు అంచును గట్టిగా నొక్కండి, రెండుగా వంచండి, బకెట్ నీళ్లలో తడిపి ఇంటి చుట్టూ నడవండి. నొక్కిన చోట గీత పడి అలాగే ఉన్నా, పొడి రాలినా పారేయండి.

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, తొడలు ఒరుసుకుంటాయి. త్వరగా ఆరే పలచటి ప్యాంటు వేసుకోండి. మేజోళ్లు ఒక జత వేసుకుని, ఒక జత పొడిగా సంచిలో ఉంచండి.

సంచి లోపల తడవకుండా ఉండటానికి డెల్టాలో దొరికినంత మంచి వస్తువు మరెక్కడా దొరకదు: చెరువులకి రొయ్య సీడ్ (రొయ్య పిల్లలు) వచ్చే మందపాటి ప్లాస్టిక్ కవర్లు. ఆక్సిజన్ నింపి నీళ్లతో సహా రవాణా చేసే కవర్లు కాబట్టి తేలిగ్గా చిరగవు. బాగా కడిగి ఆరబెట్టి, ఒకదాన్లో ఇంకొకటి వేసి, వస్తువులు పెట్టాక కొంచెం గాలి ఉంచి మెడ మెలిపెట్టి, మెలి వంచి, రెండు రబ్బరు బ్యాండ్లు వేయండి. బకెట్లో ముంచి నొక్కితే బుడగలు రాకూడదు. లోపల గాలి ఉండటంతో సంచి జారి నీళ్లలో పడినా తేలుతుంది.

మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వాగు నీరు ఎంత తేటగా ఉన్నా ఎగువన ఊళ్లుంటాయి, పశువులుంటాయి. తాగాల్సి వస్తే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. తిండికి చింతపండు పులిహోర నిలవుంటుంది. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, సున్నుండలు మంచివి. రావులపాలెంలో కొన్న చక్రకేళి వ్యాన్‌లోనే ఉంచండి, సంచిలో పెడితే పదింటికల్లా గుజ్జయి అన్నిటికీ అంటుకుంటుంది.

ఇవి కాక మనిషికో హెడ్‌ల్యాంపు, విజిలు, ఒక పూట అదనపు తిండి, ఒక చలిబట్ట ఉండాలి. అందరికీ కలిపి 3 మీటర్ల చదరం టార్పాలిన్, క్రేప్ బ్యాండేజీలు రెండు, అగ్గిపెట్టె, 20 మీటర్ల తాడు. తాడు చివర మూత బిగించిన 5 లీటర్ల నూనె డబ్బా కట్టండి. విసిరినప్పుడు దూరం పడటానికి అందులో గ్లాసుడు నీళ్లు పోయండి. భుజాల ఎత్తున్న గట్టి వెదురుకర్ర ఒక్కొక్కరికీ ఇంటి నుంచే తెచ్చుకోండి. అడవిలో నరికితే తప్పు.

ముందురోజు సాయంత్రం

మధ్యాహ్నం మూడుకల్లా కొండ కిందికి చేరండి. పర్యాటక శాఖ, అటవీ శాఖ వసతి గృహాల ఆవరణలో బండి పెట్టుకోనిస్తారేమో అడగండి. గూడెం పక్కన ఆపాలనుకుంటే ఊరి పెద్దను అడిగి ఆయన చూపించిన చోటే ఆపండి.

వాగు ఒడ్డున తెల్లటి ఇసుక తిన్నె, చదునుగా, నీడగా కనిపిస్తుంది. లంకల్లో ఇసుక మీద బండి పెట్టి వండుకుని తిన్న అలవాటుకి ఇదే మంచి చోటనిపిస్తుంది. ఆ ఇసుకను అక్కడికి తెచ్చింది వరదే. ఒడ్డున చెట్లకేసి చూడండి: కొమ్మల్లో ఎండుగడ్డి, వెదురు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని ఉంటాయి. పోయిన వరద అంతదాకా వచ్చిందన్నమాట. ఒక్కోసారి ఆ గుర్తు మీ తలకంటే ఎత్తులో ఉంటుంది. బండి దానికంటే పైన ఉండాలి.

అంతకంటే ముఖ్యమైనది, బండికీ మీ నడక దారికీ మధ్య వాగు ఉండకూడదు. చప్టా దాటి అవతల పెట్టారనుకోండి, నీరు పెరిగితే బండితో సహా అక్కడే ఉండిపోతారు. నీరు పారే చప్టా మీద బండి దించొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చి తోసుకుపోతుంది, రెండడుగులైతే దాదాపు ఏ బండినైనా.

ఫోన్ సిగ్నల్ మారేడుమిల్లి దాటాక ఎక్కడపడితే అక్కడ అందదు. సిగ్నల్ ఉండగానే వాతావరణ శాఖ మూడు గంటల హెచ్చరికలు, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ బొమ్మలు చూడండి. మీరున్న చోటుకి మాత్రమే కాక, వాగు పుట్టే కొండల మీద మేఘం ఉందా అన్నది చూడాలి. పిడుగులకి దామిని యాప్ ఉంది. ఇంటి దగ్గర ఒకరికి వాగు పేరు, బండి ఆపిన చోటు, ఎంతమంది, దారి చూపే ఆయన ఊరు రాసి పంపండి. నీరు పెరిగితే ఏ ఒడ్డున పైకెక్కి ఆగుతారో కూడా రాయండి. నడక రోజు రాత్రి ఏడు దాటినా కబురు లేకపోతే అనుమతి ఇచ్చిన కార్యాలయానికీ 112కీ ఫోన్ చేయమనండి. రాత్రి దోమతెర లేకుండా పడుకోకండి, ఏజెన్సీలో మలేరియా ఉంది.

నడక రోజు: గడియారం

తారురోడ్డు మీద గంటకి 5 కిలోమీటర్లు నడిచేవాళ్లు బండరాళ్ల మధ్య గంటకి ఒకటి, ఒకటిన్నర కంటే నడవలేరు. 4 కిలోమీటర్లు ఎగువకి వెళ్లడానికి మూడు నుంచి నాలుగు గంటలు. ఆరున్నరకి బయల్దేరితే పదకొండుకి ఎక్కడున్నా సరే ఆగి, తిని, పదకొండున్నరకి వెనక్కి తిరగాలి. జలపాతం ఇంకో అరగంట దూరంలో ఉందన్నా తిరగాలి. అలా తిరిగితే మూడు, మూడున్నరకి బండి దగ్గరుంటారు, ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి ఇంకో రెండు గంటల వెలుగు మిగులుతుంది. ఆ రెండు గంటలు ఖర్చుపెట్టుకోవడానికి దాచినవి కావు.

రాళ్ల మీద

పొడిగా, తెల్లగా ఉన్న రాయి పట్టు ఇస్తుంది. తడిసి నల్లగానో ముదురాకుపచ్చగానో మెరిసే రాయి మీద పాకుడుంటుంది. పొడి రాయి నుంచి పొడి రాయి మీదికి గెంతడం సరదాగా ఉంటుంది గానీ, తడిసిన బూటుతో రెండోసారి గెంతినప్పుడు జారుతుంది. గెంతకండి. నీళ్లలోకే దిగి, గులకరాళ్ల అడుగు మీద నడవడం చాలాచోట్ల క్షేమం. పెద్ద బండలు ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాయిని పట్టుకునే ఉండాలి. ముందువాళ్లు కదిపిన రాయి వెనకవాళ్ల మీద పడకుండా రెండు బారల ఎడం ఉంచండి.

జలపాతం కింద గుండాల్లోకి పైనుంచి దూకొద్దు. నీటి అడుగున రాయి ఎక్కడుందో పైకి కనపడదు. నీరు పడే చోట ప్రవాహం కిందికి లాగి మళ్లీ అక్కడికే తిప్పుతుంది, గజఈతగాడైనా బయటపడలేడు. కాలువ ఈత, చెరువు ఈత ఇక్కడ అక్కరకి రావు.

వాగు దాటడం

ఇరుకులో నడిస్తే ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి చాలాసార్లు దాటాల్సి వస్తుంది. తొందరపడొద్దు. ఇరుకైన చోట నాలుగడుగుల్లో అయిపోతుందనిపిస్తుంది, కానీ అక్కడే లోతూ వేగమూ ఎక్కువ. వాగు వెడల్పుగా పరుచుకుని, అడుగున గులకరాళ్లు కనిపిస్తూ, పైన చిన్న అలలు గలగలలాడే చోటు వెతకండి. తర్వాత 50 మీటర్లు దిగువకి నడిచి చూసి రండి. అక్కడ జలపాతంగానీ, గుండంగానీ, అడ్డంగా పడిన చెట్టుగానీ ఉంటే ఈ చోటు పనికిరాదు. పడిన చెట్టు అన్నిటికంటే ప్రమాదం. నీరు కొమ్మల సందుల్లోంచి వెళ్లిపోతుంది, మనిషి మాత్రం వాటికి నొక్కుకుని ఉండిపోతాడు.

ఎండుపుల్ల ఒకటి నీళ్లలో వేసి దానితో పాటు ఒడ్డున నడవండి. మామూలు నడకతో దాన్ని అందుకోలేకపోతే అక్కడ దిగొద్దు. పారే నీటిలో లోతుకి హద్దు మోకాలు. వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే తోపు నాలుగింతలవుతుంది. అందుకే పొద్దున్న సులువుగా దాటిన చోటే, నీరు జానెడు పెరగ్గానే మనిషిని పడగొడుతుంది.

దాటే విధానం ఇది. సంచి నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే సంచి వదిలించుకోవాలి. బూట్లు విప్పకండి. ఎగువకి ముఖం పెట్టి నిలబడి, కర్ర మీకు ఎగువన అడుగులో దిగేసి దాని మీద కొంచెం వాలండి. కర్ర, రెండు కాళ్లు: ఒకసారి వీటిలో ఒక్కటే కదలాలి. పాదం ఎత్తి వేయకుండా అడుగును రాసుకుంటూ పక్కకి జరపండి. నిటారుగా అవతలికి కాకుండా కొంచెం దిగువకి ఏటవాలుగా సాగండి. అనుమానంగా ఉంటే ముగ్గురు ఒకరి వెనక ఒకరు నిలబడండి. బలమైన మనిషి ముందు కర్రతో ఎగువకి ముఖం పెట్టి నీటిని ఆపుతుంటే, వెనకవాళ్లు ముందువాళ్ల సంచి పట్టీలు పట్టుకుని, ముగ్గురూ ఒకే మాట మీద పక్కకి జరగాలి.

నడుముకి తాడు కట్టుకుని దాటడం చాలామంది చేసే పని. దయచేసి చేయకండి. కాలు జారితే తాడు బిగిసి ప్రవాహం మనిషిని నీళ్ల కిందికి నొక్కేస్తుంది, ఒడ్డున ఉన్నవాళ్లు లాగేకొద్దీ ఇంకా లోపలికి పోతాడు. తాడు విసరడానికే. ఒకరు డబ్బా కట్టిన తాడుతో దిగువన పది పదిహేను మీటర్ల దూరంలో నిలబడాలి. మనిషి కొట్టుకొస్తుంటే డబ్బా అతని ముందుకి విసిరి, తాడును ఒంటికి చుట్టుకోకుండా చేత్తో పట్టుకుని, అతను నెమ్మదిగా ఒడ్డువైపు వచ్చేలా బిగబట్టి నిలబడాలి.

మీరే పడితే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువవైపు, మోకాళ్లు కొంచెం మడిచి తేలండి. వెంటనే లేచి నిలబడాలని అందరికీ అనిపిస్తుంది. వేగమైన నీటిలో నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, నీరు వెనక నుంచి ముందుకి తోసి మనిషిని ముంచేస్తుంది. వీపు కింద రాళ్లు తగిలేంత లోతు తగ్గాక లేవండి.

నీరు పెరుగుతుంటే

దాటిన ప్రతిచోటా ఒక గుర్తురాయి చూసి పెట్టుకోండి: నీటి అంచున, పైభాగం కొంచెమే పొడిగా బయటికి కనిపించే రాయి. ఫోటో తీస్తే ఇంకా మంచిది. తిరిగొచ్చేటప్పుడు ఆ రాయి మునిగి ఉంటే దాటొద్దు. ఆగిన చోటల్లా నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, పది నిమిషాల్లో రెండు వేళ్లు పెరిగితే లేచి పైకి పోవాలి.

పుల్ల దాకా రాకముందే తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. తేటనీరు టీ రంగుకి తిరుగుతుంది. ఎండాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తాయి. గలగల శబ్దం బరువెక్కి, రాళ్లు అడుగున దొర్లుతున్న చప్పుడు కలుస్తుంది. ఎగువన ఉరిమినా అంతే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దిగువకి పరిగెత్తకండి, నీరు మీకంటే వేగంగా వస్తుంది. పక్కకి, పైకి ఎక్కండి. కొమ్మల్లో చిక్కుకున్న చెత్త గుర్తు కంటే పైకి. అన్నం తినే చోటు కూడా ముందే ఇలాంటిదే ఎంచుకోవాలి.

అక్కడ కూర్చుని ఆగడమే పని. త్వరగా పెరిగిన చిన్న వాగు వాన ఆగాక కొన్ని గంటల్లోనే తగ్గుతుంది కూడా. కానీ బండి కనుచూపు మేరలో ఉంటుంది, అందులో పొడిబట్టలు, మంచం, వేడి టీ ఉంటాయి. చీకటి పడుతుంటే ఆ చివరి దాటుడు కానిచ్చేద్దామనిపిస్తుంది. వ్యాన్‌లో వచ్చినవాళ్లకి ఈ నడకలో ఉన్న పెద్ద గండం ఇదే. బండి దగ్గర చేరకపోయినా రాత్రి గడిచేలా టార్పాలిన్, చలిబట్ట, అదనపు తిండి మోసుకురమ్మన్నది ఇందుకే. గుర్తురాయి మళ్లీ బయటపడేదాకా కదలొద్దు.

దెబ్బలు, కాట్లు

ఎక్కువగా జరిగేది చీలమండ బెణకడం. బూటు విప్పకుండా దాని మీదనే క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి, విప్పితే వాచి మళ్లీ పట్టదు. అడుగు వేయలేకపోతే ఇద్దరు దగ్గరుండి, ఇద్దరు సాయానికి వెళ్లాలి. రాళ్ల మధ్య మనిషిని మోయడం సినిమాలో చూసినంత సులువు కాదు.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, గడియారం తీసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకి మెత్తగా కట్టి, నడిపించకుండా వీలైనంత మోసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. రంపచోడవరంలో ఏరియా ఆసుపత్రి ఉంది.

రాతి చరియల కింద వేలాడే పెద్ద తేనెపట్లు కనిపిస్తే మాట్లాడకుండా దూరంగా తప్పుకోండి. అక్కడ పొగ పెట్టొద్దు, ఆ రోజు సెంటు పూసుకోవద్దు.

తిరిగొచ్చాక

ముందు ఇంటికి కబురు చెప్పండి. ఆ రాత్రే బండి తోలొద్దు. పగలంతా నీళ్లలో నడిచిన కాళ్లు బ్రేకు మీద నిలకడగా ఉండవు. మొండికేసి ఘాట్ దిగినా, తర్వాత డెల్టాలో కాలువగట్టు రోడ్లు ఉంటాయి. గోడ లేని గట్టు మీద ఒక్క కునుకు పడితే బండి కాలువలో ఉంటుంది. రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్న టిఫిను తిన్నాక బయల్దేరండి.

తడి బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే అతుకులు వీడతాయి. వ్యాన్‌లో చాపలు, పరుపు అన్నీ తీసి ఆరవేయకపోతే మన గాలికి రెండు రోజుల్లో ముక్కవాసన పట్టేస్తుంది. బట్టలు విప్పాక నడుం, చంకలు, మోకాళ్ల వెనక పురుగు కాట్లు చూసుకోండి.

వారం నుంచి నెల లోపల చలిజ్వరం వస్తే మామూలు జ్వరమని బిళ్లలు మింగుతూ కూర్చోకండి. డాక్టరుతో ఫలానా తేదీన ఏజెన్సీ వెళ్లొచ్చామని మొట్టమొదటి మాటగా చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఎక్కడైనా ఉంటే అది కూడా చూపించండి, సన్నటి పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం అయి ఉండొచ్చు. రెండిటికీ మందులున్నాయి, ఆలస్యం చేస్తేనే ముదురుతాయి.